వదిన సైకిలుకి బేరింగు వెతికిన కథ

మా అన్నయ్య గుజరాత్‌లో, వెరావల్ రేవులో, చేపల బోటు మీద పని చేసేవాడు. మా ఊరి మగాళ్లలో చాలామంది అక్కడే ఉండేవారు. వేట ఆపేసే నెలల్లో ఇంటికొచ్చి, వలలు బాగుచేసుకుని, పెళ్లిళ్లకి తిరిగి, మళ్లీ రైలెక్కేవారు. ఇక్కడ మా ఒడ్డున పడే చేపల్ని ఊళ్లమ్మట తిరిగి అమ్మేది ఆడవాళ్లే. వాళ్లందరిలోకీ దూరం వెళ్లేది మా వదిన. నరసన్నపేట వైపు వరి పండించే ఊళ్లలో ఆమెకి వాడుక ఇళ్లు ఉండేవి. బుట్ట నెత్తిన పెట్టుకుని తారురోడ్డు దాకా నడిచేది. అక్కడ ఆటోవాడు చేపల వాసనని ముఖం తిప్పుకుంటే ఇంకో ఆటో కోసం నిలబడేది. ఆ ఆటో వచ్చేసరికి ఎండ ఎక్కేది, చేప మెత్తబడేది.

ఒకరోజు ఆమె అన్నయ్యకి ఫోన్ చేసి, "మావా, నాకో లేడీస్ సైకిలు పంపు. ముందర బుట్టుండాల, ఎనకాల కేరేజీ ఉండాల," అంది.

"అదెంత పని," అన్నాడు అన్నయ్య.

నేనప్పటికి డిగ్రీ పూర్తిచేసి, సర్కారు ఉద్యోగాల పరీక్షలకి చదువుతూ ఇంట్లో ఉన్నాను. పార్సిలు వచ్చిందని కబురు రాగానే వదినా నేనూ ఆమదాలవలస స్టేషనుకి వెళ్లాం. గోనె చుట్టిన మూట ఒకటి మా చేతికిచ్చారు. ఇంటిదాకా ఆగలేక వదిన ప్లాట్‌ఫారం మీదే తాళ్లు కోసేసింది.

లోపల ఉన్నది సైకిలే. కానీ చక్రాలు బాగా చిన్నవి, టైర్లు బాగా లావువి. సీటు మోకాలి ఎత్తున ఉంది. హ్యాండిలు గేదె కొమ్ముల్లా పైకి లేచి ఉంది. బుట్ట లేదు, కేరేజీ లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు లేదు, స్టాండు కూడా లేదు. పైగా చక్రాల ఇరుసుల నుంచి రెండు పక్కలా జానెడు లేని ఇనప గొట్టాలు పొడుచుకొచ్చి ఉన్నాయి. వదిన దాని చుట్టూ తిరిగి చూసింది.

"ఇదేటే?"

"సైకిలే వదినా. బీఎమ్ఎక్స్ అంటారు."

"ఇంతేనా, ఇంకా పెరుగుతాదేటి?"

అన్నయ్యకి ఫోన్ చేశాం. ఆయన గొంతులో ఏమాత్రం తడబాటు లేదు. "మద్దిన అడ్డకమ్మీ ఎంత కిందకున్నాదో సూసినావా? సీర కట్టుకుని కూడా ఎక్కొచ్చు. లేడీస్ సైకిలంటే అదే కదేటి," అన్నాడు.

వదిన ఫోన్ నా చేతికిచ్చేసి, సైకిలు భుజానికెత్తుకుని బస్సు వైపు నడిచింది. అది అంత తేలిగ్గా ఉంటుందని ఇద్దరమూ అనుకోలేదు. ఆ తేలికే ఆమెని కొంత మెత్తబరిచిందని నా అనుమానం.

సైకిలు ఇంటికొచ్చాక ఇలాంటి వాటితో జనం ఏం చేస్తారో వెతికి, ఫోన్లో ఒక వీడియో చూపించాను. కుర్రాళ్లు ఆ సైకిళ్లతో మెట్ల మీంచి దూకుతున్నారు, గోడలెక్కి దిగుతున్నారు, ఆ ఇనప గొట్టాల మీద నిలబడి గిర్రున తిరుగుతున్నారు. వదిన చివరిదాకా శ్రద్ధగా చూసింది.

"పాపం, ఈళ్లకి ఏ ఊరెల్లాలో తెల్దు కావాల. ఎక్కడికీ పోకండా అక్కడక్కడే ఎగరతన్నారు."

ఆమెకి మాత్రం ఎక్కడికి వెళ్లాలో తెలుసు. వెనక గొట్టాల మీద రెండు పక్కలా చిన్న పలకలు బిగించి, వాటి మీద రెండు ప్లాస్టిక్ టబ్బులు వలతాడుతో కట్టింది. మొదటి వారం మోకాళ్లు హ్యాండిలుకి తగులుతూ కుప్పిగంతులు వేసినట్టు తొక్కింది. తర్వాత సీటుని వదిలేసి, నిలబడే తొక్కడం నేర్చుకుంది. గతుకుల రోడ్డూ, పొలం గట్టూ దేనికీ ఆ సైకిలు జంకేది కాదు. ఆటోల కోసం ఎదురుచూసే ఆడవాళ్లు రోడ్డు మీద ఉండగానే వదిన సగం ఊళ్లు తిరిగేసేది. రైతుల ఇళ్లలో ఆమెని సర్కస్ చేపలామె అనేవారు. ఆ మాట ఆమెకి కోపం తెప్పించలేదు. సర్కస్ చేపలు త్వరగా అమ్ముడుపోయేవి.

అలా కొన్ని నెలలు గడిచాక సైకిలు మాట్లాడటం మొదలుపెట్టింది. పెడలు కిందికి దిగిన ప్రతిసారీ కటక్ మనేది. వదిన కొబ్బరినూనె పోసింది. రెండు రోజులు ఊరుకుని మళ్లీ కటక్ మంది. ఆపైన పెడళ్లు రెండూ పక్కలకి ఊగడం మొదలైంది. టబ్బుల్లోంచి కారే ఉప్పునీళ్లూ ఒడ్డున ఇసకా ఎక్కడికి చేరాలో అక్కడికి చేరాయన్నమాట.

చివరికి ఒకరోజు ఒక ఊరి శివార్లలో, గట్టు మీద, పెడళ్లు బిగుసుకుపోయాయి. సైకిలు ఆగింది, వదిన ఆగలేదు. ఆమే, టబ్బులూ, నెత్తళ్లూ, కానాగంతలూ అన్నీ కలిసి నీళ్లు పెట్టిన వరిమడిలోకి దిగాయి. దెబ్బలేం తగల్లేదు. కానీ మడిలో తేలుతున్న సముద్రపు చేపల్ని ఏరడానికి ఆ పొలం రైతు కుటుంబమంతా వచ్చింది. ఏరినవాటిలో సగం వాళ్లే అక్కడికక్కడ కొనేసుకున్నారు. మిగతావి టబ్బులో వేసుకుని, వదిన ఒంటినిండా బురదతో సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చింది.

మర్నాడు ఇద్దరం నరసన్నపేటలో ఒక సైకిలు షాపుకి వెళ్లాం. మెకానిక్ పెద్దాయన, ఆ సైకిల్ని చూసి ముచ్చటపడ్డాడు. పెడల్ చేతులు ఊడదీసి, ఇరుసు బయటికి లాగి, ఫ్రేముని పక్కకి వంచాడు. రెండు పెడళ్ల మధ్య, ఫ్రేము అడుగున, అడ్డంగా ఒక పొట్టి గొట్టం ఉంటుంది కదా. ఇరుసు తిరిగేది అందులోనే. దాన్నీ, లోపలుండే బేరింగుల్నీ కలిపి బాటమ్ బ్రాకెట్ అంటారని నాకు ఆ రోజే తెలిసింది. ఆ గొట్టంలోంచి తుప్పునీళ్లు, ఇసక, విరిగిన ఇనప ముక్కలు, గోళీలు వరసగా రాలాయి.

పెద్దాయన మామూలు సైకిలుకి వేసే బేరింగు కప్పొకటి తెచ్చి పెట్టి చూశాడు. తిప్పాడు. అది ఎక్కడా పట్టుకోలేదు.

"ఇందల మర లేదమ్మా. మన సైకిళ్లకి గొట్టం లోపల మరుంటాది, కప్పు తిప్పితే బిగుస్తాది. ఇది నున్నగా ఉన్నాది. ఏటి సెయ్యమంటారు? వెల్డింగు పెట్టించేద్దుమా?"

"వెల్డింగు పెడితే పెడలు తిరుగుతాదా?" అంది వదిన.

ఆయన కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "తిరగదు. గట్టిగా మాత్రం ఉంటాది."

సైకిలూ, ముక్కల మూటా తీసుకుని వచ్చేశాం. దారిలో వదిన నాతో, "సదువుకున్న గుంటవి, నువ్వే సూడాల ఇక. ఏ దేశానికి ఏది రాజధానో అన్నీ సదువుతన్నావు కదా," అంది.

ఆ రాత్రి నుంచి నేను రాజధానులు పక్కనపెట్టి గొట్టాలు చదివాను. ఇంత చిన్న సైకిలు అడుగున ఇంత గొడవ ఉందని ఎవరూ చెప్పలేదు. బీఎమ్ఎక్స్ సైకిళ్లలో ఈ గొట్టాలు ముఖ్యంగా నాలుగు రకాలట. నేను నెత్తళ్ల తలలు గిల్లుతూ వదినకి పాఠం చెప్పాను.

"ఒకటి అమెరికన్. గొట్టం అన్నిటికంటే పెద్దది, లోపల మర ఉండదు. చిన్నపిల్లల సైకిళ్లకి కొన్నిటికి పెడల్ చేతులూ ఇరుసూ అంతా ఒకటే కడ్డీ, వంకరగా వంచి ఉంటుంది చూడు, అది ఆ గొట్టంలోంచి దూరి వస్తుంది. రెండోది యూరో. దానికి మన సైకిళ్లలాగే మర ఉంటుంది. తక్కిన రెండింటికీ మర ఉండదు, కప్పులుండవు, బేరింగు తిన్నగా గొట్టంలో బిగుసుకుని కూర్చుంటుంది. వాటిలో సన్న గొట్టంది స్పానిష్. దానికంటే కాస్త పెద్దది మిడ్."

వదిన తలాడించింది. "మిడ్డంటే ఏ దేశం?"

"దేశం కాదు. మధ్యరకం."

"మనది గుజరాత్ నించి వచ్చింది. గుజరాత్ రకం లేదేటి?"

లేదన్నాను. ఆ జవాబు ఆమెకి నచ్చలేదు.

మరలేదు కాబట్టి మనది యూరో కాదు. ఇరుసూ చేతులూ విడివిడిగా ఊడొచ్చాయి, గొట్టమేమో మరీ పెద్దది కాదు, కాబట్టి అమెరికన్ కూడా కాదు. ఇక మిగిలింది రెండే. నేను స్కేలు పట్టుకుని గొట్టం నోరు కొలిచాను. ముప్ఫై ఏడు మిల్లీమీటర్లు. ఫోన్లో చదివిన స్పానిష్ కొలత సరిగ్గా అంతే. పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినంత సంతోషంతో ఫోన్లోంచి స్పానిష్ బేరింగుల జత తెప్పించాను.

అవి వచ్చిన రోజు వాకిట్లో చాప వేసి, సైకిలు తలకిందులుగా పెట్టి, ఎడమవైపు బేరింగు పెట్టాను. కొంచెం వదులుగానే ఉన్నా కూర్చుంది. కుడివైపుది పెట్టాను. అది కూర్చోలేదు. నా వేలు వదలగానే లోపలికి దొర్లుకుంటూ పోయి, అటువైపు పెట్టిన బేరింగుకి తగిలి ఆగింది. వదిన వంగి, ఒక కన్ను మూసి, గొట్టంలోంచి చూసింది.

"దీనికి ఓ కన్ను పెద్దది, ఓ కన్ను సిన్నదే అమ్మా."

బేరింగుల్ని వెనక్కి పంపించేశాం. నేను ఆలోచించి ఆలోచించి విసిగిపోయాను. ఒక పక్క స్పానిష్, ఇంకో పక్క మిడ్ ఉన్న సైకిలుని ఎవడు చేస్తాడు?

ఆ వారమే నాకు విజయనగరంలో పరీక్ష ఉంది. అక్కడ పెద్ద సైకిళ్ల షాపులుంటాయి కదా అని ఇరుసునీ విరిగిన బేరింగు ముక్కల్నీ పాత గుడ్డలో చుట్టి సంచిలో వేసుకెళ్లాను. పరీక్ష కేంద్రం గేటు దగ్గర సంచి వెతికే ఆయన ఆ మూట విప్పి, మూరెడు లేని ఆ ఇనప కడ్డీని పైకెత్తి చూశాడు.

"ఏటమ్మా ఇది?"

"సైకిలు ఇరుసండి."

"పరీక్షకి ఇరుసెందుకు?"

వెనక వరసలో ఉన్నవాళ్లు అప్పటికే మెడలు సాగదీసి చూస్తున్నారు. నేను మా వదిన చేపల వ్యాపారం నుంచి మొదలుపెట్టి చెప్పబోయాను. ఆయన వరస పొడుగు చూసి, మూట తన కుర్చీ కింద పెట్టుకుని నన్ను లోపలికి పంపేశాడు. ఆ పరీక్ష పోయింది. దాని గురించి చెప్పుకోదగ్గదేమీ లేదు.

తర్వాత ఆ మూట తీసుకుని వెళ్తే, సైకిళ్ల షాపతను విడి బేరింగులు తమ దగ్గర దొరకవనీ, కొత్త సైకిలైతే ఇస్తామనీ అన్నాడు. కానీ షాపు ఖాళీగా ఉందేమో, చూసుకోమన్నాడు. నేను వరసగా ప్రతి సైకిలు ముందూ మోకాళ్ల మీద కూర్చుని అడుగు గొట్టాలు చూశాను. ఒకదానికి మర కనిపించింది. ఒక పిల్లల సైకిలుకి వంకర కడ్డీ, పెద్ద గొట్టం కనిపించాయి. అదే అమెరికన్. ఫోన్లో బొమ్మలుగా చూసినవి ఎదురుగా కనిపించేసరికి చుట్టాలు కలిసినట్టయింది. "సైకిళ్లకి దండం పెట్టుకుంటన్నారేటండి," అన్నాడు షాపతను. మా సైకిలు చిక్కు మాత్రం విడలేదు.

విడదీసింది వదినే, అది కూడా విసుగుతో. మర్నాడు మధ్యాహ్నం నేను మళ్లీ స్కేలు పట్టుకుని కూర్చున్నాను. గుండ్రని దాన్ని పలకబద్దతో ఎన్నిసార్లు కొలుస్తావని గొణుక్కుంటూ ఆమె లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టెలోంచి తన కూతురి చిన్నప్పటి వెండి మురుగు ఒకటి పట్టుకొచ్చింది. గొట్టం కుడివైపు పెట్టింది. అది చులాగ్గా లోపలికి దిగింది. ఎడమవైపు పెట్టింది. అంచు మీదే ఆగిపోయింది.

"ఇటేపు ఏదో అడ్డున్నాదే," అంది.

మా అమ్మ గుమ్మంలోంచి అరిచింది. "పిల్ల సేతికి పెట్టిన ఎండి మురుగే అది. తీసికెల్లి ఆ గ్రీజులో పెడతారా?"

వదిన మురుగుని కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. నేను ఫోన్ లైటు వేసి లోపలికి చూశాను. ఎడమవైపు అంచుకి కాస్త లోపల సన్నటి గీత కనిపించింది. గోటితో గీకితే తుప్పు రాలింది. అది గొట్టం కాదు. పాత బేరింగు విరిగినప్పుడు లోపలి ముక్కలూ గోళీలూ రాలిపోయి, పై చుట్టు మాత్రం తుప్పు పట్టి గొట్టానికి అతుక్కుని అక్కడే ఉండిపోయింది. నేను కొలిచింది ఆ చుట్టుని. కుడివైపు చుట్టు మెకానిక్ దగ్గరే ఊడిపోయి ఉంటుంది.

కుడివైపు నుంచి ఉలి దూర్చి, రాయితో చుట్టూ కొద్దికొద్దిగా తట్టాం. సాయంత్రమవుతుండగా ఆ చుట్టు ఊడి చాప మీద పడింది. ఇప్పుడు స్కేలు పెడితే రెండు వైపులా నలభై ఒకటి పైచిలుకు. మిడ్. నేను అప్పటికప్పుడు ఫోన్ తీశాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఆగు. గాజు సైజు సూసినావు గానీ, సెయ్యి సైజు సూడవేటి?"

ఆమె చెయ్యి అంటున్నది ఇరుసుని. తర్వాత ఫోన్లో చూస్తే మిడ్ బేరింగులే రెండు రకాలున్నాయి. పై కొలత ఒకటే, లోపలి బొక్క వేరు. సన్న ఇరుసుకి ఒకటి, లావు ఇరుసుకి ఒకటి. ఆమె ఆపకపోతే ఇంకో జత వెనక్కి వెళ్లేది. ఇరుసు చుట్టూ వలదారం ఒక చుట్టు తిప్పి, ఆ పొడవు కొలిచి, హైస్కూల్లో నేర్చుకున్న లెక్కతో అడ్డుకొలత కట్టాను. పంతొమ్మిది వచ్చింది. సన్న రకమే. అప్పుడు తెప్పించాం.

ఈసారి బేరింగులు వదులు కాదు కదా, గొట్టంలోకి దిగనే దిగమన్నాయి. సుత్తితో కొడితే పాడవుతాయని వీడియోల్లో అందరూ హెచ్చరించారు. వాటిని చల్లబరిస్తే రవ్వంత ముడుచుకుంటాయని ఒకాయన చెప్పాడు. ఫ్రిజ్‌లో పెట్టమన్నాడు. మాకు ఫ్రిజ్ లేదు గానీ, చేపలకి ఐసు పెట్టె ఉంది.

బేరింగుల్ని పాలిథిన్ కవర్లో మూటకట్టి, పొద్దున్నే చందువా చేపల కింద, ఐసు మధ్యలో పాతిపెట్టాం. సైకిలు ఫ్రేముని ఇసకలో ఎండకి పెట్టాం, గొట్టం వేడెక్కి కాస్త విచ్చుకుంటుందని. మిట్టమధ్యాహ్నం ఫ్రేము ముట్టుకోలేనంత కాలిపోతోంది. పక్కింటివాళ్ల బోటుకి వాడే పొడుగాటి బోల్టొకటి, నట్టూ, రెండు ఇనప బిళ్లలూ అడిగి తెచ్చాం. వదిన ఐసులోంచి బేరింగు తీసి, గొట్టం మూతి మీద పెట్టి, బోల్టు దూర్చింది. నేను రెండో వైపు నట్టు బిగించసాగాను. ఎక్కడా చప్పుడు లేకుండా, బెల్లం పాకంలోకి దిగినట్టు, బేరింగు దిగింది.

రెండోది కూడా సగం దిగాక వదిన చాప వైపు చూసి, "ఆ బుల్లి గొట్టం ఎక్కడిదే?" అంది.

నేను నట్టు తిప్పడం ఆపేశాను. ఇరుసు మీంచి ఊడదీసిన ఆ బుల్లి గొట్టం రెండు బేరింగుల మధ్యలో ఉండాలి. అది లేకుండా బిగిస్తే బేరింగులు ఒకదానివైపు ఒకటి నలిగిపోతాయి. నట్టు వదులు చేసి, సగం దిగినదాన్ని బయటికి తట్టి, మళ్లీ ఐసులో పెట్టి, ఎండలో చెమటలు కక్కుతూ కూర్చున్నాం. మా అమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, "పెళ్లి సంబంధం కుదర్సడం దీనికన్నా సులువు," అని వెళ్లిపోయింది.

సాయంత్రానికి అన్నీ వాటి చోట్లలో కూర్చున్నాయి. పెడల్ చేతులు బిగించి, చైను ఎక్కించక ముందు, వదిన ఒక వేలితో పెడలుని తోసింది. అది తిరుగుతూనే ఉంది. ఆమె చెవి దగ్గరగా పెట్టి విన్నది. ఇంకోసారి తోసి మళ్లీ విన్నది. ఎక్కడా కటక్ మనలేదు. తెల్లారి టబ్బులు కట్టుకుని వెళ్లిపోయింది.

వేట ఆపే నెలల్లో అన్నయ్య ఇంటికొచ్చాడు. మా కథంతా విని, ఊడిన తుప్పు చుట్టుని చేతిలో తిప్పి చూసి, గొట్టాల రకాలేమిటో చెప్పమని నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపు వదినే మొదలెట్టింది. పెద్ద గొట్టం, మర గొట్టం, సన్న గొట్టం, మధ్యరకం, వాటి మీద గాజు సైజూ చెయ్యి సైజూ. దేశాల పేర్లు ఒక్కటి కూడా వాడలేదు. అన్నయ్యకి ఒక్కసారికే అర్థమైంది. నేను చెప్పినప్పుడు ఆమెకి రెండు రోజులు పట్టిందని అంటే, "నువ్వు దేశాలు కలిపినావు మరి," అంది.

కొన్నాళ్లకి నరసన్నపేట మెకానిక్ పెద్దాయన కబురు పెట్టాడు. తన షాపుకి మర లేని గొట్టం సైకిలొకటి వచ్చిందట, ఎవరో కాంట్రాక్టరు కొడుకుదట, ఒకసారి వచ్చి చూడమన్నాడు. వదిన చేపలమ్ముకుని వెళ్లే దారే కాబట్టి నన్ను సీటు మీద కూర్చోబెట్టి, తను నిలబడి తొక్కుతూ తీసుకెళ్లింది. గొట్టం చూడగానే ఇద్దరం ఒకేసారి, "పెద్ద గొట్టం," అన్నాం. దానికేం కావాలో ఆయనకి చెప్పాను. ఆయన తలూపి, కుర్రాడిని టీకి పంపించాడు.

వదిన ఆ సరికే టబ్బు మూత తీసి, కానాగంతలు చూపిస్తోంది.